గంట తరగతిలో దేనికి చోటివ్వాలి: శ్రీకాకుళంలో ఒక డిగ్రీ అర్థశాస్త్ర తరగతిపై కేస్ స్టడీ

నేపథ్యం

శ్రీకాకుళం పట్టణంలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను అర్థశాస్త్రం బోధిస్తున్నాను. బి.ఏ. విద్యార్థులకు చెప్పే సూక్ష్మ అర్థశాస్త్రం పేపరు ఈ కేస్ స్టడీకి ఆధారం. తరగతిలో అరవై మందికి అటూ ఇటూగా ఉంటారు. పట్టణంలోనే ఉండేవారు తక్కువ. ఆమదాలవలస, బూర్జ, సరుబుజ్జిలి, గార, పోలాకి, పొందూరు వైపు పల్లెల నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేసేవారే ఎక్కువ. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాల కాబట్టి సిలబస్ గాని, పరీక్షల తేదీలు గాని మేము నిర్ణయించేవి కావు. ఉన్న గంటను ఎలా వాడుకోవాలన్నదే మేము నిర్ణయించుకోగలిగింది.

సెమిస్టర్‌కు 15 నుంచి 18 వారాలు, అంటే 90 బోధనా దినాలు ఉండాలని యూజీసీ చెబుతుంది. వారానికి నాలుగు తరగతుల లెక్కన కాగితం మీద అరవై తరగతులు కనిపిస్తాయి. ఆచరణలో మిడ్ పరీక్షలు, వినాయక చవితి, దసరా సెలవులు, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాలు, కళాశాల కార్యక్రమాలు వాటిలో గణనీయమైన భాగాన్ని మింగేస్తాయి. పైగా వర్షాకాలంలో మొదలయ్యే సెమిస్టరే ఈ జిల్లాకు తుపానుల కాలం. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అంత పెద్ద తుపాను రాని ఏడాదిలో కూడా వాయుగుండం హెచ్చరికలకు ఒకటి రెండు రోజులు కళాశాల మూతపడడం మామూలే. అందుచేత నా పాఠ్య ప్రణాళికను అరవై తరగతులకు కాక నలభై అయిదింటికే వేసుకుంటున్నాను. అరవైకి వేసిన ప్రణాళికలో చివరి యూనిట్లు ఎప్పుడూ పరుగు మీదే ముగుస్తాయి, పరిపూర్ణ పోటీ (ఎందరో అమ్మకందారులున్న మార్కెట్), ఏకస్వామ్యం (ఒకే అమ్మకందారు ఉన్న మార్కెట్) ఉండేవేమో ఆ చివరి యూనిట్లలోనే. వెనకటి యూనిట్లలో నేర్చిందంతా అక్కరకు వచ్చేది అక్కడ, అక్కడికి చేరేసరికే సమయం ఉండదు.

గంట ఎక్కడికి పోతున్నది

మార్పు మొదలుపెట్టే ముందు ఒక సహోద్యోగి నా తరగతిలో వెనుక బెంచీలో కూర్చుని ఏ పనికి ఎంతసేపు పడుతున్నదో రాసిపెట్టారు. మొదటి పీరియడ్‌లో తొలి పది నిమిషాలు పాఠానికి దక్కడం లేదని తేలింది. ఇందులో విద్యార్థుల తప్పు వెతకడం న్యాయం కాదు. పేరుకు శ్రీకాకుళం రోడ్ అయినా ఆ రైల్వే స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. పొందూరు, సిగడాం, తిలారు వైపు నుంచి పాసింజర్‌లో వచ్చేవారు అక్కడ దిగి, ఆటోనో బస్సునో పట్టుకుని పట్టణానికి చేరాలి. రైలు పావుగంట ఆలస్యమైతే వారంతా పావుగంట ఆలస్యంగా గుమ్మంలో నిలబడతారు. ఒక్కొక్కరు వచ్చి "మే ఐ కమిన్ సార్" అన్నప్పుడల్లా వాక్యం తెగుతుంది. చివరి పీరియడ్‌లో ఇదే తలకిందులుగా జరుగుతుంది: ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు అందుకోవాల్సినవారు గంట కొట్టకముందే పుస్తకాలు సర్దుకుంటారు.

హాజరు పిలవడానికి అయిదారు నిమిషాలు పోతున్నాయి. కానీ అన్నింటినీ మించి సమయం తినేది నోట్సు చెప్పడం. మా కళాశాలల్లో అధ్యాపకుడు మంచివాడా కాదా అన్నది చాలాకాలంగా ఆయన చెప్పించే నోట్సును బట్టి తేలుతూ వచ్చింది. డిగ్రీ కోర్సులు ఇంగ్లిష్ మాధ్యమానికి మారాక ఈ ఆధారపడడం మరింత పెరిగింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన విద్యార్థికి ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం కొరుకుడు పడదు. పరీక్షలో రాయడానికి అతనికి ఉన్న ఆధారం అధ్యాపకుడు చెప్పించిన పేరాలే. కాబట్టి నోట్సు అడగడం అతని సోమరితనమని నేను అనుకోను. అయితే అరగంటసేపు చెప్పించి, మధ్యలో స్పెల్లింగులు బోర్డు మీద రాసి, వెనకబడ్డవారి కోసం ఆగి, చివరికి చేతికి వచ్చేది పేజీన్నర. ఆ అరగంటలో అరవై మంది చేతులు కదిలాయి గాని, ఒక్కరు కూడా ఒక ప్రశ్నతో కుస్తీ పట్టలేదు.

ఏమి మార్చాను

మొదట సిలబస్‌ను రెండు కుప్పలుగా విడదీశాను. నిర్వచనాలు, ప్రమేయాలు, సిద్ధాంతాల గుణదోషాలు, రకాలు మొదటి కుప్పలోకి వెళ్లాయి. విద్యార్థి వీటిని ఒంటరిగా చదువుకుని రాయగలడు. రెండో కుప్పలో ఏటేటా జవాబు పత్రాలలో కుప్పకూలే అంశాలు పెట్టాను: వ్యాకోచత్వానికీ (ధర ఒక శాతం మారితే కొనే పరిమాణం ఎంత శాతం మారుతుందన్న కొలత) రేఖ వాలుకీ తేడా, ఉదాసీనతా వక్రరేఖలపై (సమాన తృప్తినిచ్చే వస్తు సముదాయాలను కలిపే గీతలపై) వినియోగదారుని సమతౌల్యం, ఉపాంత వ్యయం (ఇంకొక్క యూనిట్ తయారీకి అయ్యే అదనపు ఖర్చు) సగటు వ్యయాన్ని దాని కనిష్ఠ బిందువు వద్దే ఎందుకు ఖండిస్తుందన్నది, ఏకస్వామి ధరను తన ఇష్టం వచ్చినంత ఎందుకు పెంచలేడన్నది. తరగతి సమయం దాదాపు మొత్తం ఈ రెండో కుప్పకే కేటాయించాను. ఈ ఎంపిక చెప్పినంత తేలిక కాదు. మొదటి కుప్పలోని అంశాల మీదే వ్యాస ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి, అవి తరగతిలో "చెప్పలేదు" అన్న మాట పడుతుందేమోనన్న భయం ప్రతి అధ్యాపకుడికీ ఉంటుంది.

ఆ భయానికి విరుగుడుగా వచ్చిందే ఖాళీల నోట్సు. ప్రతి అంశానికీ ఒక కాగితం, రెండు వైపులా. సులభమైన ఇంగ్లిష్‌లో పాఠం, అంచున కీలక పదాలకు తెలుగు. కళాశాల ఎదుటి జిరాక్స్ దుకాణంలో వారానికోసారి సీఆర్ (తరగతి ప్రతినిధి) కాపీలు తీయిస్తాడు, ఖర్చు తలా కొద్ది రూపాయలు. మొదటి కుప్పలోని అంశాలకు నోట్సు పూర్తిగా ఉంటుంది. రెండో కుప్పలోని అంశాలకు మాత్రం అక్షాల పేర్లు, లెక్కలో మధ్య మెట్లు, వాదనలో చివరి వాక్యం ఖాళీగా వదిలేస్తాను. అన్నీ నింపి ఇస్తే కాగితం తీసుకుని తరగతికి రావడం మానేస్తారు. ఏమీ ఇవ్వకపోతే మళ్లీ చెప్పించడమే గతి. ఖాళీ ఎక్కడ వదలాలన్నదే ఇందులో అసలు పని, దానికి పాఠం చెప్పడానికి పట్టే సమయం కన్నా ఎక్కువే పడుతుంది. ఖాళీలో పడాల్సింది ఒక పదం కాకుండా ఒక నిర్ణయం అయితేనే విద్యార్థి ఆగి ఆలోచిస్తాడు. "డిమాండ్ ... అంటారు" అని పదం వదిలేస్తే పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తాడు, అంతే.

తొలి పది నిమిషాల సంగతి. రైలును ముందుకు జరపలేను కాబట్టి పాఠాన్నే వెనక్కి జరిపాను. నేను తరగతిలోకి వెళ్లగానే బోర్డు మీద రెండు ప్రశ్నలు రాస్తాను: ఒకటి గత తరగతిది, మరొకటి రెండు మూడు వారాల కిందటిది. పుస్తకం తెరవకుండా చిన్న చీటీ మీద రోల్ నంబర్ వేసి జవాబు రాయాలి. ఆలస్యంగా వచ్చినవారు అనుమతి అడగకుండా వచ్చి కూర్చుని అదే పని చేస్తారు. చీటీలు అందాక వాటితోనే హాజరు వేసుకుంటాను. దీనివల్ల రెండు పనులు కలిసివచ్చాయి. జ్ఞాపకం విషయంలో ఈ పద్ధతికి బలమైన ఆధారమే ఉంది: మనోవిజ్ఞాన పరిశోధకులు రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెట్టినప్పుడు మళ్లీ మళ్లీ చదివినవారు ముందుండగా, వారం తరువాత పెట్టినప్పుడు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవారికే ఎక్కువ గుర్తుంది. మా విద్యార్థులకు పరీక్ష అయిదు నిమిషాలకు కాదు, నెలల తరువాత ఉంటుంది.

మధ్య ముప్పై అయిదు నిమిషాలు అసలు పాఠం. ఇక్కడ నేను అనుసరించినది హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి. పావుగంట వివరణ తరువాత నాలుగు ఐచ్ఛికాల ప్రశ్న ఒకటి. ముందు ఎవరికి వారు ఆలోచించి జవాబు ఎంచుకుంటారు. సరైన జవాబు చెప్పినవారు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పక్కవారితో వాదించుకోనిస్తారు. తరువాత మళ్లీ జవాబు అడుగుతారు. అక్కడ దీనికి యంత్రాలు వాడతారు. మా తరగతిలో వేళ్లు చాలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు వేళ్లు ఛాతీకి ఆనించి చూపించాలి, అలా చేస్తే పక్కవారికి కనిపించదు. చేయి పైకెత్తమంటే అందరూ ముందు బెంచీ చూసి ఎత్తుతారు.

ఇక్కడ ఒక చిన్న విషయానికి పెద్ద ఫలితం ఉంది. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా ఆగకుండా తామే మాట్లాడతారని, మూడు సెకన్లు ఆగితే జవాబుల నిడివీ, జవాబిచ్చేవారి సంఖ్యా పెరుగుతాయని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో పరిశీలించి చూపారు. మన తరగతుల్లో నిశ్శబ్దం అంటే అధ్యాపకుడికే ఇబ్బంది. ఎప్పుడూ జవాబు చెప్పే ఆ ముగ్గురు విద్యార్థులు ఆ ఇబ్బందిని తీర్చేస్తారు. అందుకే కాగితం మీద జవాబు రాసేదాకా ఎవరూ నోరు తెరవకూడదన్న నియమం పెట్టాను. వాదన మాత్రం తెలుగులో, వారి మాటల్లోనే జరుగుతుంది. వాదన ముగిశాక కాగితంలోని ఖాళీలో ఒక ఇంగ్లిష్ వాక్యం రాయాలి. ఆలోచన ఒక భాషలో, రాత ఇంకొక భాషలో జరగడం లోపమని కొందరు సహోద్యోగులు అన్నారు. మా విద్యార్థుల పరిస్థితిలో రెండూ ఒకేసారి ఇంగ్లిష్‌లో అడిగితే మొదటిది జరగదు.

ఒక పాఠం దగ్గరగా

ధర డిమాండ్ వ్యాకోచత్వం పాఠాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. ఈ భావనకు అర్థశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో స్పష్టమైన రూపమిచ్చాడన్న సంగతి, దాని నిర్వచనం, అయిదు రకాలు, నిర్ధారకాలు పూర్తి నోట్సులోనే ఉన్నాయి. తరగతిలో వాటి జోలికి వెళ్లలేదు.

రెండు లెక్కలతో మొదలుపెట్టాం. పలాస జీడిపప్పు కిలో 800 రూపాయలు ఉన్నప్పుడు ఒక దుకాణంలో రోజుకు 50 కిలోలు అమ్ముడవుతున్నాయనుకుందాం. ధర 880 అయితే 40 కిలోలే పోయాయి. బియ్యం కిలో 50 రూపాయలున్నప్పుడు 1,000 కిలోలు అమ్ముడయ్యాయి. 55 అయితే 980. రెండు చోట్లా ధర 10 శాతమే పెరిగింది. అమ్మకందారుకు ఎక్కడ డబ్బు పెరుగుతుందో లెక్క వేయకముందే చెప్పమన్నాను. వెనుక వరుసలోని ఒక విద్యార్థి వెంటనే, "అదేటి సార్, రేటు పెంచితే రెండు చోట్లా డబ్బులు ఎక్కువే రావాలి గదా" అన్నాడు. చాలామంది మనసులో ఉన్నదీ అదే. లెక్క వేశారు. జీడిపప్పు రాబడి 40,000 నుంచి 35,200కు పడింది, వ్యాకోచత్వం 2. బియ్యం రాబడి 50,000 నుంచి 53,900కు పెరిగింది, వ్యాకోచత్వం 0.2. కాగితంలో "వ్యాకోచత్వం ఒకటి కన్నా ఎక్కువైతే ధర పెంచినప్పుడు రాబడి" అన్నదాని తరువాత ఖాళీ ఉంది. ఎవరికీ చెప్పించాల్సిన అవసరం రాలేదు.

అసలు ప్రశ్న దీని తరువాత. కాగితం రెండో వైపు ఒక సరళరేఖ డిమాండ్ రేఖ గీసి ఉంది. ధర 100 వద్ద నిలువు అక్షాన్ని, పరిమాణం 100 వద్ద అడ్డ అక్షాన్ని తాకుతుంది. దాని మీద మూడు బిందువులు: ఎ వద్ద ధర 80, పరిమాణం 20; బి వద్ద రెండూ 50; సి వద్ద ధర 20, పరిమాణం 80. రేఖ వాలు అంతటా ఒకటే. మరి వ్యాకోచత్వం? ఒకటి: అంతటా సమానం; రెండు: ఎ వద్ద ఎక్కువ; మూడు: సి వద్ద ఎక్కువ; నాలుగు: చెప్పలేం. వేళ్లు చూస్తే ఎక్కువ భాగం ఒకటే వేలు. రెండు వేళ్లు చూపినవారు మూడో వంతు దాకా ఉన్నారు, అంటే వాదనకు సరిపోయేటంతమంది.

వాదన జరుగుతున్నప్పుడు బెంచీల మధ్య తిరుగుతూ వినడం తప్ప నేను చేసేది ఏమీ ఉండదు. ఆ వినడంలోనే నాకు పాఠం ఎక్కడ తెగిందో తెలుస్తుంది. "గీత వంకర లేదు కాబట్టి మార్పూ ఒకేలా ఉంటుంది" అని ఒకరంటే, పక్కనున్న అమ్మాయి, "ఇరవై కిలోలకు ఒక కిలో తగ్గడమూ, ఎనభై కిలోలకు ఒక కిలో తగ్గడమూ ఒకటేనా?" అని అడిగింది. శాతానికీ పరిమాణానికీ ఉన్న తేడాను నేను బోర్డు మీద పది నిమిషాలు చెప్పినా అంత సూటిగా చెప్పలేకపోయేవాణ్ని. రెండోసారి వేళ్లు చూపించమన్నప్పుడు ఎక్కువ మంది రెండుకు మారారు. తరువాత ఎవరికి వారు లెక్క వేశారు: ఈ రేఖ వాలు (ఋణ గుర్తు వదిలేస్తే) 1 కాబట్టి ధరను పరిమాణంతో భాగిస్తే చాలు, ఎ వద్ద 4, బి వద్ద 1, సి వద్ద 0.25. మొత్తం రాబడి ఎ వద్ద 1,600, బి వద్ద 2,500, సి వద్ద మళ్లీ 1,600. రాబడి గరిష్ఠమయ్యేది వ్యాకోచత్వం ఒకటి ఉన్న చోటే అన్న వాక్యాన్ని వారే రాశారు. ఏకస్వామ్యం యూనిట్‌లో దీని అవసరం మళ్లీ పడుతుంది. ఉపాంత రాబడి (ఇంకొక్క యూనిట్ అమ్మితే వచ్చే అదనపు రాబడి) బి వద్ద సున్నా, దాని దిగువన ఋణాత్మకం కాబట్టి ఏకస్వామి బి కన్నా దిగువకు రాడు. ఆ యూనిట్‌లో ఒక పూర్తి తరగతి అలా మిగిలింది.

పాఠంలో లేని ఒక చర్చ కూడా జరిగింది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద బస్సులో ఉచితంగా వచ్చే అమ్మాయి ఒకరు, ధర సున్నా అయితే వ్యాకోచత్వం ఎంతని అడిగింది. రేఖ అడ్డ అక్షాన్ని తాకే చోట ధర సున్నా, పరిమాణం 100, భాగిస్తే సున్నా. మరి బస్సుల్లో రద్దీ ఎందుకు పెరిగిందంటే అది బిందువు వద్ద వ్యాకోచత్వం కాదు, పాత ఛార్జీ నుంచి సున్నా దాకా రేఖ వెంట జరిగిన ప్రయాణం. అయిదు నిమిషాలు అలా పోయాయి, అవి వృథా అని నేను అనుకోను.

చివరికి రైతు ప్రశ్న: టమాటా పంట విరగపండిన ఏడాది రైతుల మొత్తం రాబడి పెరుగుతుందా, తగ్గుతుందా? గార వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి తండ్రి రైతుబజారులో కూరగాయలు అమ్ముతాడు. "కాయ ఎక్కువొచ్చిన వారమే మా నాన్న తిట్టుకుంటా ఇంటికొస్తాడు సార్" అన్నాడు. డిమాండ్ అవ్యాకోచంగా ఉంటే (వ్యాకోచత్వం ఒకటి కన్నా తక్కువైతే) సరుకు పెరిగిన శాతం కన్నా ధర పడిన శాతం ఎక్కువ అన్న వాక్యం ఆ మాటకు ఇంగ్లిష్ రూపంగా కాగితంలో చేరింది.

ఏమి మారింది, ఏమి మారలేదు

జవాబు పత్రాలలో స్పష్టంగా కనిపించిన మార్పు రేఖాచిత్రాలలో. అక్షాలకు పేర్లు పెట్టడం, బిందువు నుంచి చుక్కల గీత దించడం, లెక్కలో మెట్లు చూపడం బాగా పెరిగాయి. వ్యాస ప్రశ్నల నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నోట్సు ఎలా అందినా రాసేది కంఠస్థం చేసిన పేరాలే. యూనిట్లన్నీ పూర్తయ్యాయి, చివరి రెండింటికి పరుగు తప్పింది.

మొదటి నెలలో వ్యతిరేకత బలంగానే వచ్చింది. "సార్ పాఠం చెప్పడం లేదు, ప్రశ్నలు వేసి కూర్చుంటున్నారు" అన్న మాట ప్రిన్సిపాల్ దాకా వెళ్లింది. దీనిని ఊహించవచ్చు. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతులపై డెలోరియర్స్ బృందం చేసిన అధ్యయనంలో, తామే పనిచేసిన తరగతిలో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని భావించారు. సాఫీగా సాగిన ఉపన్యాసం వారికి ఎక్కువ నేర్పినట్టు అనిపించింది. ఈ సంగతిని విద్యార్థులకే వివరించి, మొదటి మిడ్ పరీక్ష వరకు ఆగమన్నాను. సహోద్యోగులకు మాత్రం స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో 225 అధ్యయనాలను కలిపి చూపిన లెక్క ఎక్కువ నచ్చింది: ఉపన్యాస తరగతుల్లో ఫెయిలైనవారు 33.8 శాతం, విద్యార్థులు పాల్గొనే తరగతుల్లో 21.8 శాతం. అవన్నీ విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగ్, గణితం తరగతులు. రేఖాచిత్రాలు, లెక్కలు ఉన్న సూక్ష్మ అర్థశాస్త్రానికి అవి దగ్గరే గాని, ఆర్థికాభివృద్ధి పేపరుకు అదే ఫలితం వస్తుందని వాటిని చూపి చెప్పలేం.

వీడియోలు ఇంటి దగ్గర చూసి రమ్మనడం మాత్రం ఇక్కడ నిలబడలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ రాత్రి అన్నదమ్ముల మధ్య, తండ్రి పని మధ్య నలుగుతుంది. కాగితం అలా కాదు. బస్సులో నిలబడి కూడా చదవవచ్చు. ఉడుపుల రోజుల్లో, కోతల రోజుల్లో పొలం పనికి వెళ్లేవారు, సాయంత్రం దుకాణాల్లో పనిచేసేవారు వరుసగా మూడు నాలుగు తరగతులు పోగొట్టుకుంటారు. ఖాళీల నోట్సు వారికి పూర్తిగా ఉపయోగపడదు, ఎందుకంటే ఖాళీ నిండేది తరగతిలో. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక జోడీని నిర్ణయించి, రానివారి కాగితం నింపించే బాధ్యత ఆ జోడీకి ఇస్తున్నాను. అయితే జోడీ నింపి ఇచ్చిన కాగితం మళ్లీ పూర్తి నోట్సే అవుతుందన్న చిక్కు ఉంది. అందుకని తిరిగి వచ్చిన రోజున ఆ ప్రశ్నే వారి చీటీలో రాయిస్తున్నాను.

ఉదాసీనతా వక్రరేఖల పాఠం ఇంకా గంటకు లొంగలేదు. ధర తగ్గినప్పుడు ఆదాయ ప్రభావాన్ని (చేతిలో డబ్బు పెరిగినట్టయి కొనుగోలు మారడం), ప్రత్యామ్నాయ ప్రభావాన్ని (చవకైన వస్తువు వైపు మళ్లడం) విడదీసి చూపాలంటే ఒకే పటంలో మూడు బడ్జెట్ రేఖలు (ఉన్న డబ్బుతో ఏమేం కొనగలమో చూపే గీతలు), రెండు వక్రరేఖలు గీయాలి. విద్యార్థులు గీసుకునేసరికే సమయమంతా అయిపోతుంది, వాదనకు మిగలదు. వచ్చే సెమిస్టర్‌కు బడ్జెట్ రేఖలు రెండూ, వక్రరేఖలూ ముద్రించి ఇచ్చి, ఊహాత్మకమైన మూడో బడ్జెట్ రేఖను, అది పాత వక్రరేఖను తాకే బిందువును మాత్రం వారిచేత గీయించేలా కాగితం మార్చాను.